'వాషింగ్ డే'కి తాళం వేసినవాళ్ళు

షెఫీల్డ్,
అక్టోబరు, 1982

అక్కా,

నువ్వు లండన్ వెళ్ళినప్పటి నుంచీ ఇల్లు బోసిపోయిందని, చప్పుడే లేదని అమ్మ గొణుగుతోంది. నేను మేడ మీద రోజూ డ్రమ్ములు బాదుతూనే ఉన్నాను. నాది ఆవిడ దృష్టిలో చప్పుడు కూడా కాదన్నమాట.

మన బ్యాండు గ్లాస్ ట్రామ్స్ రెండో ఆల్బమ్ ఎంతవరకు వచ్చింది? డ్రమ్ముల పని మొదలయ్యే ముందు కబురు పెడతామన్నారు కదా, అందుకని సంచి సర్ది తలుపు పక్కనే పెట్టుకున్నాను. నాన్న వెళ్తూ వస్తూ దానికి తట్టుకుంటున్నాడు. "ఏరా, లండనోళ్ళు నిన్ను రమ్మన్నారా, నా కాలు విరగ్గొట్టమన్నారా?" అన్నాడు నిన్న.

డగ్గీ సిగరెట్లు తగ్గించాడా? ఆ గొంతు మీదే మనందరి బతుకూ ఉందని గుర్తు చెయ్యి. ప్రొడ్యూసర్ ఫాన్‌షా ఎలాంటివాడు? మొదటి ఆల్బమంతా గిటార్ల గోల కాబట్టి ఈసారి నీ సింథసైజర్లకే పెద్దపీట అన్నావు. నాకు సంతోషమే. అవి ఎంత కమ్మగా పాడినా వెనకాల తాళం వేసేవాడొకడు కావాలిగా!

వీధి చివర ఫోను మళ్ళీ చెడిపోయింది. ఉత్తరమే రాయి.

నెవిల్

*

లండన్,
నవంబరు

ప్రియమైన నెవిల్,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ ఒకటే వాన. నేనున్న ఇంటావిడ వేడినీళ్ళ దగ్గర మహా పిసినారి, కానీ బఠాణీలు మాత్రం అడక్కుండానే ఇంకో గరిటె వడ్డిస్తుంది. ఫాన్‌షా తెల్ల ప్యాంటు వేసుకుని క్యారెట్ రసం తాగుతాడు. తెలివైనవాడే. మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. అది ఆలోచనో నిద్రో మాకింకా అంతుపట్టలేదు.

ఆల్బమ్‌కి పేరు దొరికింది: 'వాషింగ్ డే'. మన వీధిలో సోమవారాలు గుర్తున్నాయిగా? తాళ్ళ నిండా దుప్పట్లు, నోట్లో క్లిప్పులు పెట్టుకుని మబ్బుల్ని తిట్టే ఆడవాళ్ళు. పాటలన్నీ వాళ్ళ గురించే. డగ్గీ మొదట నవ్వాడు. పాడుతూ పాడుతూ ఒకచోట ఆగిపోయి, "మా నానమ్మే కనబడుతోంది" అన్నాడు.

ఇక్కడొక డ్రమ్ మెషిన్ ఉంది. చిన్న సూట్‌కేసంత ఉంటుంది. ఏ దరువు ఎక్కడ పడాలో మీటలు నొక్కి ఒకసారి చెబితే అలసట లేకుండా అదే వాయిస్తూ పోతుంది. ప్రస్తుతానికి పాటలు కట్టుకోడానికి వాడుకుంటున్నాం. నీ పని ఎప్పుడన్నది ఫాన్‌షా ఇంకా తేల్చలేదు.

సంచి కాస్త గోడవారకి జరుపు. నాన్న కాలు జాగ్రత్త.

అవ్రిల్

*

షెఫీల్డ్,
నవంబరు చివర

అక్కా,

సంచి విప్పేశాను.

శుక్రవారం అమ్మ చేపల కొట్టుకి వెళ్ళింది. అక్కడ డగ్గీ వాళ్ళమ్మ. అందరూ వింటుండగా, "ఎడ్నా, పాపం మీ నెవిల్‌ని తీసేశారటగా! డగ్గీ రాశాడు. ఏదో పెట్టె వాయిస్తోందిట. ఇంతకీ పిల్లాడు తింటున్నాడా?" అందిట. మన అమ్మేమో, "తింటున్నాడమ్మా, ఆ పెట్టే పస్తులుంటోంది" అని చేపలు పుచ్చుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక మాత్రం ఆ చేపలు కడిగిందే కడిగింది, కడిగిందే కడిగింది.

ప్రస్తుతానికి, కట్టుకోడానికి, తేల్చలేదు! ఉత్తరంలో కూడా నీకు అబద్ధం చెప్పడం చేతకాదక్కా.

సరే. నేను రొట్టెల బండి తోలుతున్నాను. తెల్లారగట్ల బేకరీలో సరుకెక్కించుకుని దుకాణాలకి చేరవెయ్యడం. వెచ్చటి రొట్టెల వాసన, ఖాళీ రోడ్లు. శనివారం సాయంత్రాలు హారెస్ బ్రామల్ గారి డ్యాన్స్ బ్యాండులో డ్రమ్ములు వాయిస్తున్నాను. ఆయనది అకార్డియన్, విట్లమ్ గారిది ఆర్గన్. ఆడేవాళ్ళందరికీ నెరిసిన జుట్టే. మధ్యలో టీ, పంది మాంసం కూరిన రొట్టె. మొదటిరోజు ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "బాబూ, కాస్త మెల్లగా. మా ఆయన తుంటి ఎముక కొత్తది" అంది.

నా మీద జాలిపడుతూ ఉత్తరం రాయకు. అమ్మ నీకోసం పార్కిన్ కేకు చేసింది. సగమే పంపుతున్నాం. మిగతా సగం నేను తినేశాను. అదే నీకు శిక్ష.

నెవిల్

*

లండన్,
డిసెంబరు

నెవిల్,

కేకు అందింది. ఏడుస్తూ తిన్నాను. బెల్లం పాకం కాస్త ఎక్కువైందని అమ్మకి చెప్పకు.

జాలిపడను, జరిగింది చెబుతాను. ఫాన్‌షా మెషినే ఉంచుదామన్నాడు. డగ్గీ సరేనన్నాడు. ఆఖర్న నా వైపు చూశారు. నేనూ సరేనన్నాను. ఎవరో బలవంతపెట్టారని రాస్తే నీకు తేలిగ్గా ఉండేదేమో, కానీ అలా జరగలేదు. ఆ పాటలకి ఆ చప్పుడే కుదిరింది. ఎండుతున్న దుప్పటి గాలికి కొట్టుకుంటున్నట్టు, పొడిగా, శుభ్రంగా. నువ్విక్కడ కూర్చుని విని ఉంటే ఒప్పుకునేవాడివి. అది నీకు ముందే చెప్పకపోవడం మాత్రం నా పిరికితనం. అందుకు నన్నెంత తిట్టినా పడతాను.

వచ్చే వారం ఒక ఫొటోగ్రాఫర్ మనింటికి వస్తాడు. ఆల్బమ్ అట్ట మీద బొమ్మకి మన పెరటి తాడు, దాని మీద అమ్మ ఆప్రన్లు కావాలి. ఉతికినవే వెయ్యమను. ఆవిడ కొత్తవి కొనుక్కొస్తుంది, చూస్తూండు.

అవ్రిల్

*

షెఫీల్డ్,
ఫిబ్రవరి, 1983

అక్కా,

రికార్డు అందింది. అట్ట బాగుంది. కొత్త ఆప్రన్లు కొనకుండా అమ్మని ఆపడానికి నాన్న, నేను ఇద్దరం కావలసి వచ్చాం.

ఊళ్ళో సంగతులు కదా నువ్వడిగింది. వీధి చివర రికార్డుల కొట్టతను కిటికీలో మీ ఆల్బమ్ పెట్టాడు. ఆ పక్కనే ఎండకి పాలిపోయిన క్రిస్మస్ పాటలున్నాయి. మొదటి ఆల్బమ్ కొన్న కుర్రాళ్ళు వచ్చి అట్ట తిప్పి చూసి, "గిటార్లేవీ?" అని పెట్టేసి వెళ్ళిపోతున్నారుట. పబ్బులో ఒకడు నా భుజం తట్టి, "అదృష్టవంతుడివిరా, ముందే దిగిపోయావు" అన్నాడు. వాడి బీరు నేను తాగేశాను. నీ తరఫునే.

నాన్న రికార్డు ఒక పక్కంతా విన్నాడు. విని లేచి కోట్ వేసుకుని పావురాలకి గింజలు వెయ్యడానికి వెళ్ళాడు. అడిగితే, "ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర అంతకాలం నిలబడ్డా, అంత చప్పుడులోనూ మనుషులుండేవాళ్ళు" అన్నాడు. అమ్మకి మాత్రం నచ్చింది. ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టుకుంటోంది.

నేను బండి పని మీద పడి ఇంకా వినలేదు.

నెవిల్

*

నార్విచ్,
మార్చి మొదట్లో

నెవిల్,

కచేరీలిస్తూ ఊరూరా తిరుగుతున్నాం. సగం కుర్చీలు ఖాళీ. నిన్న ముందువరసలో ఒక కుర్రాడు ఆసాంతం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాట అయ్యాక, "పాతవి వాయించండి!" అని అరిచాడు. డగ్గీ, "ఇవి పాతబడే దాకా ఉండు బాబూ" అన్నాడు. ఆ కాస్సేపూ అందరూ నవ్వారు.

లండన్ వారపత్రిక ఒకటి మా గురించి రాసింది. 'ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు లోపలి నుంచి వచ్చే సంగీతం' అట. 'చలీ, వెలుతురూ ఉన్నాయి, తినడానికి మాత్రం ఏమీ లేదు' అట. ఫాన్‌షా రెండు రోజులు క్యారెట్ రసం కూడా ముట్టలేదు. నిజం చెప్పనా, వాక్యం బాగుంది. మా మీద కాకపోతే నేనూ ఇంకొకరికి చదివి వినిపించేదాన్ని.

కంపెనీ వాళ్ళు మూడో పాటని విడిగా చిన్న రికార్డుగా వదులుతున్నారు. 'ఎండ కాస్తే చాలు'. ఇదీ పోతే, మూడో ఆల్బమ్ మాటెత్తొద్దని మర్యాదగా చెప్పారు. అయినా విచిత్రంగా నాకు దిగులు లేదు. ఆ పాటలు నేను కట్టాలనుకున్నట్టే కట్టాను. అది మొదటిసారి.

నీ శనివారాల గురించి రాయి. ఆ తుంటి ఎముకాయన ఎలా ఉన్నాడు?

అవ్రిల్

*

షెఫీల్డ్,
మార్చి చివర

అక్కా,

తుంటి ఎముకాయన ఇప్పుడు గబగబ అడుగుల క్విక్‌స్టెప్ వేస్తున్నాడు. నేనే ఆయాసపడుతున్నాను.

ఇది చెప్పకూడదనుకున్నాను కానీ చెబుతున్నాను. నా బండి దారిలో ఆలివ్ హాబ్సన్ అనే ఆవిడ సెలూన్ ఉంది, ఆడవాళ్ళ జుట్టు దువ్వే చోటు. బన్నులు దింపడానికి వెళ్తే లోపల మీ 'ఎండ కాస్తే చాలు' మోగుతోంది. డ్రయ్యర్ల కింద కూర్చున్న ముగ్గురూ ఒకే లెక్కన కాలు ఆడిస్తున్నారు. డ్రయ్యర్ హోరులో గిటార్ పాటలేవీ వినబడవట. "ఇది మటుకు ఆ హోరులోంచి సూదిలా దూసుకొస్తుందయ్యా" అంది ఆలివ్. పైగా, "బట్టలుతకడం మీద పాట కట్టిన మహానుభావుడెవడో! మగాడై ఉండడు" అంది. మా అక్క అన్నాను. నమ్మలేదు. నమ్మాక బన్నులు పక్కన పెట్టించి, నన్ను కూర్చోబెట్టి ఊరికే క్షవరం చేసింది. నేను ఇప్పుడు మా రెండో తరగతి టీచరులా ఉన్నాను.

ఆ తర్వాత చూసుకుంటూ వెళ్తే ప్రతి సెలూన్లోనూ అదే పాట. ఒకావిడ దగ్గర విని ఇంకొకావిడ కొంటోంది. రికార్డుల కొట్టతను క్రిస్మస్ పాటలు తీసేశాడు. జుట్టుకి క్లిప్పులతోనే వచ్చి కొనుక్కుపోతున్నారట.

నీ ఫ్రిజ్ పత్రికకి సెలూన్లు తెలియవనుకుంటా.

నెవిల్

*

లండన్,
ఏప్రిల్

నెవిల్!

లీడ్స్, హల్, బోల్టన్, అన్నిచోట్లా సెలూన్లేనట! కంపెనీ వాళ్ళకి ఇప్పుడు మా ఫోన్ నంబరు గుర్తొచ్చింది. అమ్మకాల పట్టికలో పాట పైకి పాకుతోంది. వచ్చే నెల టీవీకి పిలిచారు. దేశమంతా చూసే కార్యక్రమం.

ఒక చిక్కొచ్చింది. అక్కడ పాట రికార్డులోంచే వస్తుంది, మేం వాయిస్తున్నట్టు నటించాలి. డ్రమ్ములు వినబడుతున్నప్పుడు డ్రమ్ముల వెనక మనిషి కనబడి తీరాలంటున్నారు. స్టూలు మీద మెషిన్ పెడతామంటే, "ఇంట్లో చూసేవాళ్ళు టీవీ చెడిపోయిందనుకుంటారు" అన్నారు.

అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. నువ్వు వస్తావా?

అవ్రిల్

*

షెఫీల్డ్,
ఏప్రిల్

అక్కా,

నన్ను తీసేసి మెషిన్ పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ మెషిన్‌లా నటించడానికి నన్ను పిలుస్తున్నారు. ఈ మాట హారెస్ గారికి చెబితే నవ్వి నవ్వి అకార్డియన్ ఒళ్ళోంచి జారిపోయింది.

నేను రాను. కోపం కాదు. వాయిస్తే వాయిస్తాను, ఉత్తినే చేతులాడించడం నావల్ల కాదు. అంతగా కావాలంటే అమ్మని తీసుకెళ్ళు. ఆప్రన్లు ఎలాగూ అట్టమీదున్నాయి, ఆవిడనీ నిలబెట్టు.

నెవిల్

*

లండన్,
ఏప్రిల్

నెవిల్,

నువ్వు వేళాకోళానికే రాశావు. నేను చదివి వినిపిస్తే డగ్గీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫాన్‌షా కళ్ళు తెరిచాడు! అమ్మని పంపించు. దరువులు నేర్పు. నీకంటే బాగా ఎవరు నేర్పుతారు?

అవ్రిల్

*

షెఫీల్డ్,
మే

అక్కా,

ఈ ఉత్తరం అమ్మ చేతికిచ్చే పంపుతున్నాను. చదివే ముందు ఆవిడకి టీ ఇవ్వు, రైల్లో టీ గురించి ఇక్కడినుంచే తిడుతోంది.

వస్తుందా అని అడిగితే, "చాకిరీ చేస్తున్నట్టు నటించడమేగా? మీ నాన్నని చూస్తూ నేర్చుకున్నా" అంది. నేర్పడం మొదలుపెట్టాం. బట్టల తొట్టి ఒకటి బోర్లించి, రెండు చెక్క గరిటెలు ఇచ్చాను. నేర్పాలంటే పాట చెవిపెట్టి వినాలి. కాబట్టి విన్నాను.

మొదటిసారి గమనించలేదు. రెండోసారి అమ్మ తప్పు కొట్టిందనుకుని ఆపాను. "నేను సరిగ్గానే కొట్టానురా, అందులోనే ఆగి పడుతోంది" అంది. మళ్ళీ పెట్టాను. నిజమే. చరణం తిరిగే చోట దరువు రవ్వంత ఆలస్యంగా పడుతోంది. మెషిన్‌కి ఆలస్యం ఎందుకొస్తుంది? పడబోయే ముందు ఒక్క ఊపిరి పీల్చుకున్నట్టు పడటం ఎవరి అలవాటో నాకు తెలీదా? చిన్నప్పటినుంచీ నువ్వు దాన్ని వెక్కిరించేదానివి. ఆల్బమంతా విన్నాను. పాటపాటలోనూ నేనే ఉన్నాను.

కోపం వచ్చిందక్కా. నన్ను ఇంట్లో వదిలేసి నా చేతులు పట్టుకెళ్ళిపోయావా అనిపించింది. గరిటెలు గిరాటేసి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అమ్మ బయటికొచ్చి తాడు మీద బట్టలు తీసింది. దుప్పటి మడత పెట్టడానికి ఇంకో మనిషి కావాలిగా, రెండు కొసలు నా చేతికిచ్చింది. మడతపెట్టాం. లోపలికొచ్చి మళ్ళీ మొదటినుంచి విన్నాను.

బాగుందక్కా. చాలా బాగుంది. నువ్వన్నది నిజమే, ఆ చప్పుడే కుదిరింది.

కానీ ఎందుకు చెప్పలేదు?

నెవిల్

*

లండన్,
మే

నా తమ్ముడికి,

ముందు అమ్మ సంగతి. తలకి గుడ్డ కట్టుకుని, నీలి గళ్ళ ఆప్రన్‌తో, ఆ చెక్క గరిటెలే పట్టుకుని డ్రమ్ముల వెనక నిలబడింది. టీవీ కుర్రాడు వచ్చి, "మేడమ్, కాస్త నవ్వండి" అన్నాడు. "పనిచేస్తూ నవ్వేది పిచ్చోళ్ళు బాబూ. నువ్వు పక్కకి జరుగు, గరిటె తగుల్తుంది" అంది. ఒక్క దరువు తప్పలేదు. నువ్వు చెప్పిన ఊపిరి దగ్గర ఆవిడ నిజంగానే ఊపిరి పీల్చుకుంది, కెమెరా సరిగ్గా అప్పుడే ఆవిడ మొహం మీదుంది. మర్నాటి నుంచి 'ఆ డ్రమ్ములావిడ ఎవరు' అని ఫోన్లే ఫోన్లు. పాట నాలుగో స్థానంలో ఉంది. ఆల్బమ్ కూడా లేచింది. ఫ్రిజ్ పత్రిక ఆయన ఇంకోసారి విన్నానని రాశాడు. నచ్చిందని మాత్రం రాయలేదు, పాపం పరువు!

ఇప్పుడు నీ ప్రశ్న. ఆ పెట్టె ముందు మొదటిరోజు కూర్చున్నప్పుడు దానికేం చెప్పాలో నాకు తెలియలేదు. నాకు తెలిసిన డ్రమ్ములవాడు ఒక్కడే. గోడకవతల నుంచి నిన్ను వింటూ పెరిగాను. కళ్ళు మూసుకుని నువ్వెలా వాయిస్తావో అలా మీటలు నొక్కుకుంటూ పోయాను. ఆ ఆలస్యాన్ని సరిచేస్తానని ఫాన్‌షా పట్టుబడితే, దాని జోలికి వస్తే నా కీబోర్డులు కట్టుకుని ఇంటికి పోతానన్నాను. నీకు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ, దొంగతనం చేసి కానుక అంటున్నట్టుండేది. అందుకే రాయలేకపోయాను.

ఇకమీదట అచ్చయ్యే అట్టల మీద 'తాళాలు: నెవిల్ స్టానిఫోర్త్' అని ఉంటుంది. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు.

ఎండాకాలంలో జర్మనీ వెళ్తున్నాం. మెషిన్ పక్కన నిజం డ్రమ్ములు కూడా ఉండాలని డగ్గీ, నేను ఇద్దరం అనుకున్నాం. ఈసారి వాయించడానికే పిలుస్తున్నాను.

అవ్రిల్

*

షెఫీల్డ్,
జూన్

అక్కా,

టీవీ ఎక్కడ చూశామనుకున్నావు? ఆలివ్ సెలూన్లో. వీధి సగం అక్కడే. నాన్నని డ్రయ్యర్ కింద కూర్చోబెట్టారు, ఇంకెక్కడా కుర్చీ లేక. అమ్మ కనబడగానే అందరూ అరిచారు. నాన్న మాత్రం డ్రయ్యర్ కిందనుంచి మెడ చాచి చూశాడు. అయ్యాక, "తెలియని ఆడమనిషిలా ఉంది" అన్నాడు. లేచి నిలబడి, "పలకరించాలనిపించింది" అన్నాడు.

అట్ట మీద పేరు ఉండనీ. వద్దనను. నాన్న ఆ కొత్త అట్ట కోసం రికార్డుల కొట్టు చుట్టూ తిరుగుతున్నాడు.

జర్మనీకి మాత్రం రాను. అలిగి కాదు, నమ్ము. ఇక్కడ నాకు బాగుంది. పొద్దున్నే రొట్టెలు, శనివారం డ్రమ్ములు. నా దరువుకి ఎదురుగా మనుషులు అడుగులేస్తుంటే, వాళ్ళ మోకాళ్ళు చూస్తూ వేగం తగ్గిస్తూ పెంచుతూ వాయించడం నాకు ఇష్టమైన పని అని తెలిసింది. గ్లాస్ ట్రామ్స్‌లో ఉన్నన్నాళ్ళూ నాకు ఎదురుగా నీ వీపే కనబడేది.

పోయిన శనివారం పెద్దవాళ్ళు పట్టుబట్టారు, మీ అక్క పాట కావాలని. హారెస్ గారు అకార్డియన్ మీద వరస పట్టుకున్నారు, విట్లమ్ గారు ఆర్గన్ మీద నీ వంతు. నేను నా వంతు. చరణం తిరిగే చోట నా చెయ్యి ఆగింది, హాలంతా అడుగు ఎత్తి పట్టుకుని ఆగింది, దరువు పడ్డాక అందరి అడుగూ ఒక్కసారి పడింది. అమ్మా నాన్నా కూడా ఆడారు. నాన్న ఆడగలడని నీకు తెలుసా? నాకు తెలీదు. అమ్మ కాలు రెండుసార్లు తొక్కాడు. ఆవిడ తిడుతూనే ఇంకో పాటకి ఉండిపోయింది.

వచ్చే నెల విట్లమ్ గారు బ్రిడ్లింగ్టన్‌లో వాళ్ళమ్మాయి దగ్గరకి వెళ్తున్నారు. ఆర్గన్ దగ్గర మనిషి లేరు. జర్మనీ ప్రయాణానికి ముందు నీకొక శనివారం ఖాళీ ఉంటే చెప్పు. నీ పేరు నేనే చెప్పాను. హారెస్ గారు గడ్డం గోక్కుని, "టీవీలో వాయించింది, సరే. ఆ పిల్లకి వాల్ట్జ్ నాట్యానికి వాయించడం వచ్చా?" అన్నారు. ఏం చెప్పమంటావు?

నెవిల్

*

లండన్,
జూన్

నెవిల్,

రాదని చెప్పు. నేర్చుకుని వస్తుందని చెప్పు.

ఇంటావిడ ముందుగదిలో పాత పియానో ఉందిట. రేపటినుంచి ఆవిడే నేర్పుతానంది, వేడినీళ్ళు తక్కువ వాడాలన్న షరతు మీద. వేగం మాత్రం మొదట్లో కాస్త తగ్గించి వాయించు, నేను కొత్తదాన్ని.

మీ బ్యాండులో ఆర్గన్ దగ్గర కూర్చునే మనిషి,
అవ్రిల్